లెక్కకెక్కని గంటలు

వేసవిలో పెట్టిన ఆవకాయ డబ్బాలలోనికెక్కి, విజయవాడ నుండియో హైదరాబాదు నుండియో బయలుదేరి, కొలది దినములలో అమెరికాలోని బిడ్డల వాకిట దిగుట నేడు మన ఇండ్లలో వింత కాదు. పంపినవారు పార్సెల్ సంఖ్యను పట్టుకొని దాని జాడ నరయుచుందురు. అది ఏ ఊర దిగినది, ఏ గోదాము ఎన్ని గంటలకు దాటినది, మరల ఏ విమాన మెక్కినది, అంతయు వారికి తెలియును. కాని ఆ విమానమును నడిపిన పైలట్ తన యింటి నుండి దాని కడకు ఎట్లు చేరినాడు? ఆ రాత్రి చుక్కానిపై చేయి వేయుటకు ముందు ఎంత నిద్రించినాడు? ఆ సంగతి పంపినవారికి తెలియదు, అందుకొన్నవారికి తెలియదు. ఒక్కొక్కప్పుడు అతనికి జీతమిచ్చు సంస్థకును తెలియదు. పార్సెల్ ప్రయాణమునకు అడుగడుగున లెక్క కలదు. పైలట్ ప్రయాణమునకు లెక్క లేదు. ఈ లెక్కకెక్కని ప్రయాణమును గూర్చి, ముఖ్యముగా అది మిక్కిలిగా సాగు అమెరికా దేశమునందలి తీరును గూర్చి, నేడు కొంత ముచ్చటింతము.

సరకుల విమానయానము ప్రధానముగా రాత్రి వ్యాపారము. సాయంకాలము అంగడి మూయువేళ అప్పగించిన కట్ట మరునాటి యుదయమునకు వేయి మైళ్ల అవతల చేరవలెనన్నచో, దానికి మిగిలిన కాలము రాత్రి యొక్కటే. ప్రతి యూరి నుండి ప్రతి యూరికి విమానము నడుపుట అసాధ్యము. కావున అన్ని యూళ్ల విమానములును నడిరాత్రి ఒక్కచోట కలిసి, సరకు మార్చుకొని, ఎవరి దారిని వారు పోవుట సులభోపాయము. ఈ యుపాయము మన దేశమునకు క్రొత్త కాదు. 1949లో మన తపాలా శాఖవారు రాత్రి విమానపు టపా నారంభించినప్పుడు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరముల నుండి బయలుదేరిన విమానములు నడిరేయి నాగపూరులో కలిసికొనెడివి. అచట ఉత్తరముల సంచులు చేతులు మారెడివి. తెల్లవారునప్పటికి విమానములు తిరిగి తమ తమ నగరములు చేరెడివి. ఆ సర్వీసు నేడు లేదు గాని, దాని వెనుకనున్న యాలోచన మాత్రము బ్రతికియే యున్నది.

అమెరికాలో ఆ యాలోచనను పెద్దయెత్తున నడిపినవారు ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ సంస్థవారు. 1973 ఏప్రిల్ 17వ తేదీ రాత్రి వారి 14 చిన్న విమానములు టెనెసీ రాష్ట్రమునందలి మెంఫిస్ నగరము కేంద్రముగా 25 నగరములకు 186 కట్టలను చేరవేసినవి. దేశమునకు నడిమి భాగమునకు చేరువగా నుండుటయు, వాతావరణము విమానముల నరుదుగా నాపుటయు మెంఫిస్‌కు గల సౌకర్యములు. పిదప 1988లో యు.పి.ఎస్. సంస్థవారు సొంత విమానశాఖను స్థాపించి, కెంటకీ రాష్ట్రమునందలి లూయీవిల్ నగరమును తమ కేంద్రముగా జేసికొనిరి. రాత్రి పదకొండు మొదలు ఒంటిగంట వరకు ఈ నగరములలో విమానములు బారులు తీరి దిగును. కట్టలను విడదీసి, మరల చేర్చి, నింపుటకు రెండు మూడు గంటలు పట్టును. తెల్లవారుజామున మూడు నాలుగు గంటల వేళ అవి మరల బారులు తీరి లేచును. నగరమంతయు గాఢనిద్రలో నున్న యా ఘడియలే ఈ పైలట్లకు పట్టపగలు.

ఇక వీరి యిండ్లెక్కడ? మెంఫిస్‌లోనో లూయీవిల్‌లోనో యుండును గాబోలునని మనము తలంతుము. చాలమందికి అచట ఇండ్లున్న మాటయు నిజమే. కాని పెక్కుమంది కొలరాడోలోనో, ఫ్లారిడాలోనో, పసిఫిక్ తీరముననో కాపురముండి, పని దినములు వచ్చినప్పుడు ఆకాశమార్గమున స్థావరమునకు వత్తురు. మన యుద్యోగి లోకల్ బండిలో కచేరికి పోయినట్లే వీరు విమానములో విమానమునకు పోవుదురు.

ఇది వట్టి విలాసమని తలచుట పొరపాటు. పైలట్ యుద్యోగములో సీనియారిటీయే సర్వము. ఏ విమానము నడుపవలెను, ఏ యూరు స్థావరము కావలెను, ఏ దినములు సెలవు, అన్నియు ఆ వరుసను బట్టియే తేలును. సహపైలట్ కెప్టెన్ కావలెనన్నను, చిన్న విమానము నుండి పెద్ద విమానమునకు మారవలెనన్నను స్థావరము మారవలసి రావచ్చును. యు.పి.ఎస్. పైలట్లకు లూయీవిల్ గాక అలాస్కాలోని యాంకరేజి, ఫ్లారిడాలోని మయామి, కాలిఫోర్నియాలోని ఆంటారియో స్థావరములుగా నున్నవి. నేడు మయామి, రెండేండ్లకు యాంకరేజి అన్నచో, మారిన ప్రతిసారియు ఇల్లమ్ముకొని, పిల్లలను బడి మాన్పించి, భార్య యుద్యోగము వదలుకొని, ముసలి తల్లిదండ్రులను కదలించి పోగలవారెందరు? పైగా వీరు నిత్యము పనికి పోవువారు కారు. వారమో, పదిదినములో వరుసగా పనిచేసి, అన్నే దినములు ఇంటి పట్టున నుండువారు పెక్కుమంది. నెలకు రెండు రాకపోకలు చాలును గనుక, ఇల్లు కదల్పక తామే కదలుట మేలని తలంతురు. కుటుంబము నొక్కచోట నిలుపుటకు ఇంటి యజమాని తాను తిరుగుట మనవారికిని తెలియని సంగతి కాదు.

వీరి రాకపోకలకు మార్గములు కొన్ని కలవు. మొదటిది జంప్‌సీటు. కాక్‌పిట్‌లో పైలట్ల వెనుక నుండు అదనపు ఆసనమునకు ఆ పేరు. సంస్థల మధ్య గల పరస్పర ఒప్పందములను బట్టి ఒక సంస్థ పైలట్ మరియొక సంస్థ విమానములో ఉచితముగా దీనిపై ప్రయాణము చేయవచ్చును. సరకుల విమానములో ప్రయాణికుల విమానపు పైలట్, ప్రయాణికుల విమానములో సరకుల పైలట్ కనబడుట సామాన్యము. అయితే ఇది హక్కు కాదు, మర్యాద. ఎక్కువాడు కెప్టెన్ కడకు పోయి, తన గుర్తింపు పత్రము చూపి, అనుమతి కోరవలెను. కెప్టెన్ కాదన్నచో దిగిపోవలెను. ఆసనము నిండినను, బరువు మించినను, వాన కురిసినను ఆ ప్రయాణము లేనట్లే. అందుచేత తెలిసినవారు ఒక విమానమును నమ్ముకొని బయలుదేరరు. అది తప్పినచో అందుకొనుటకు మరియొకదానిని చూచుకొందురు.

రెండవది డెడ్‌హెడ్ ప్రయాణము. సంస్థ తన యవసరము కొరకు పైలట్‌ను ప్రయాణికునివలె ఒక యూరి నుండి మరియొక యూరికి పంపుటకు ఇది పేరు. దీనికి టికెట్టు సంస్థదే, కాలము పని కాలమే. కొన్ని సంస్థలు పైలట్ ఇంటికి చేరువనున్న విమానాశ్రయము నుండియే టికెట్టు కొని పిలిపించుకొనును. అట్టి కొలువు దొరికినవాడు అదృష్టవంతుడని తోడివారందురు. మూడవది చేతి సొమ్ము పెట్టి టికెట్టు కొనుట.

స్థావరము చేరిన పిదప తలదాచుకొనుటకు క్రాష్‌ప్యాడ్ అను వసతి కలదు. విమానాశ్రయమునకు దాపున ఒక యిల్లో, రెండు గదుల వాటాయో పదిమంది కలిసి అద్దెకు తీసికొందురు. గదికి నాలుగు మంచములు. ఒకరు లేచిపోయిన మంచముపై మరియొకరు పండుకొందురు. మన పట్టణములలో ఉద్యోగార్థులు కలిసియుండు గదులను చూచినవారికి ఇది వేరుగా వర్ణింప నక్కరలేదు. మెంఫిస్, లూయీవిల్ కేంద్రములలో సరకు మార్చునంతసేపు పైలట్లు కన్ను మూయుటకు సంస్థలు చిన్న చిన్న నిద్రగదులను గూడ నిర్మించినవి.

జంప్‌సీటు మర్యాదకు పునాది నమ్మకము. ఆ నమ్మకమునకు గట్టి దెబ్బ తగిలిన దినములును కలవు. 1994 ఏప్రిల్ 7వ తేదీన మెంఫిస్ నుండి కాలిఫోర్నియాకు బయలుదేరిన ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ విమానములో, ఆ సంస్థ యుద్యోగియే యొకడు జంప్‌సీటు ప్రయాణికుడుగా ఎక్కి, ఆకాశమున సుత్తులతో పైలట్లపై బడెను. పనిలో నున్న మువ్వురును తీవ్రముగా గాయపడిరి. అయినను వారతనిని నిలువరించి, విమానమును మెంఫిస్‌కు మరలించి క్షేమముగా దింపిరి. 2001 సెప్టెంబరు 11 తరువాత కాక్‌పిట్ తలుపులు అన్యులకు మూతపడినవి. పిదప ఎక్కు పైలట్ గుర్తింపును, ఉద్యోగమును విద్యుత్ యంత్రముల ద్వారా అప్పటికప్పుడు సరిచూచు పద్ధతి యేర్పడి, ఆ తలుపులు మరల తెరచుకొనినవి. ఎక్కువాడు ఎవరో ఇప్పుడు క్షణములో తేలును. అతడెంత నిద్రించినాడో తేల్చు యంత్రము మాత్రము లేదు.

అసలు చిక్కు అచటనే యున్నది. ఒక లెక్క వేసి చూతము. ఇది ఊహించి చెప్పునదే గాని జరుగరానిది కాదు. డెన్వరులో కాపురముండు ఒక సహపైలట్ ఉదయము 7 గంటలకు లేచి, పిల్లలను బడికి పంపి, పగలంతయు ఇంటి పనులు చూచుకొనెననుకొందము. సాయంకాలము బయలుదేరి, రాత్రి సరకుల విమానములో జంప్‌సీటుపై కూర్చుండి, మెంఫిస్ గడియారము ప్రకారము పదకొండున్నరకు దిగును. తెల్లవారుజామున రెండున్నరకు పనిలో చేరును. నాలుగు కావచ్చుచుండగా లేచి, న్యూయార్కు ప్రాంతపు గడియారము ప్రకారము ఉదయము 7 గంటలకు న్యూవర్కులో దిగును. డెన్వరు గడియారము అంతకు రెండు గంటలు వెనుకబడి యుండును గనుక, అతడు లేచి అప్పటికి 22 గంటలు. సంస్థ పుస్తకములో అతని పని కాలము మూడున్నర గంటలే! ఆ పుస్తకమును చూచినవాడు, ఇతని కేమి శ్రమ, ఇప్పుడే గదా పనిలో చేరినాడనును. శరీరము మాత్రము పుస్తకము చూడదు. రాత్రి రెండు మొదలు ఆరు వరకు మానవశరీరమున చురుకుదనము అడుగంటునని నిద్రాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. సరిగా ఆ ఘడియలలోనే ఇతడు విమానమును దింపవలెను.

అదే స్థావరమునకు అదే డెన్వరు నుండి వచ్చు మరియొకడు ముందునాడే చేరి, క్రాష్‌ప్యాడ్‌లో కిటికీకి నల్లని తెర వేసికొని, పగలు ఏడు గంటలు నిద్రించి పనిలో చేరెననుకొందము. దూర మొక్కటే, విమాన మొక్కటే, జీత మొక్కటే. భద్రత మాత్రము ఒక్కటి కాదు. కనుక దోషము మైళ్లలో లేదు. ప్రయాణమునకును పనికిని నడుమ నిద్ర కలదా లేదా అనుటలో నున్నది.

ఈ సంగతి లోకము దృష్టికి వచ్చుటకు ఒక ఘోర ప్రమాదము జరుగవలసి వచ్చెను. 2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి న్యూవర్కు నుండి బఫెలోకు పోవుచున్న కోల్గన్ ఎయిర్ వారి ప్రయాణికుల విమానము ఊరి చేరువన ఒక ఇంటిపై కూలినది. విమానములోని 49 మందియు, నేలపై ఒకరును, వెరసి 50 మంది మరణించిరి. అది సరకుల విమానము కాదు. కాని దాని సహపైలట్ సియాటిల్ ప్రాంతమున నుండెడిది. ఆమె ముందురాత్రి సరకుల విమానములో జంప్‌సీటుపై మెంఫిస్‌కును, అట నుండి మరియొక సరకుల విమానములో న్యూవర్కుకును, ఖండము ఆ దరి నుండి ఈ దరికి ప్రయాణించి యుదయమున చేరినది. కెప్టెన్ ఇల్లు ఫ్లారిడాలో. అతడు ముందురాత్రి గడపినది విమానాశ్రయములోని సిబ్బంది గదిలో. విచారణ జరిపిన జాతీయ రవాణా భద్రతా మండలివారు ప్రమాదమునకు ముఖ్యకారణము కెప్టెన్ చేసిన తప్పు చర్యయని నిర్ణయించిరి. ఇరువురును అలసియుండిరనియు, ఆ యలసట ఎంత హాని చేసినదో నిశ్చయముగా తేల్చలేమనియు గూడ వ్రాసిరి. ఆ స్థావరమునకు చెందిన ఆ సంస్థ పైలట్లలో మూడింట రెండుపాళ్లకు పైగా దూరప్రాంతముల నుండి వచ్చువారే యని ఆ విచారణలో బయటపడినది.

అమెరికా కాంగ్రెసు 2010లో చట్టము చేసి, ఈ రాకపోకల సంగతి పరిశీలింపుడని శాస్త్రజ్ఞులను కోరినది. జాతీయ పరిశోధనా మండలివారు 2011లో నివేదిక నిచ్చిరి. ఇన్ని మైళ్లకు మించి కాపురముండరాదని శాసించుటకు తగిన ఆధారములు లేవని వారు చెప్పిరి. దాపున నున్నవాడును నిద్రలేక రావచ్చును, దూరమున నున్నవాడును నిద్రించి రావచ్చును గదా! వారు చేసిన హితవు సరళమైనది: పని ముగియునప్పటికి మెలకువ దాదాపు 16 గంటలు మించకుండునట్లు ప్రయాణమును ఏర్పరచుకొనవలెను, పనిలో చేరుటకు ముందు 6 గంటలకు తగ్గక నిద్రించుటకు యత్నింపవలెను. మన డెన్వరు సహపైలట్ లెక్క 22 గంటలన్న సంగతి ఇచట శ్రోతలు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక.

పిదప ప్రయాణికుల విమానముల పైలట్లకు క్రొత్త విశ్రాంతి నిబంధనలు వచ్చి, 2014 జనవరి 4వ తేదీ నుండి అమలు జరిగినవి. పనికి ముందు 10 గంటల విశ్రాంతి, అందు 8 గంటలు నిద్రకు అవకాశము, రాత్రి పనికి తక్కువ గంటలు, అలసిన పైలట్ విమానము నడుపరాదను నియమము, ఇవి యందు ముఖ్యములు. డెడ్‌హెడ్ ప్రయాణము పనియే గాని విశ్రాంతి కాదనియు స్పష్టముగా వ్రాసిరి. కాని సరకుల విమానములకు ఈ నిబంధనల నుండి మినహాయింపు లభించినది. కలుగు లాభమునకు మించి ఖర్చగుననుట దానికి చెప్పిన కారణము. రాత్రి యెక్కువగా మేల్కొనువారికే రాత్రి నిబంధన వర్తింపకపోవుట వింతగా లేదా? సరకుల పైలట్ల సంఘమువారు న్యాయస్థానమున పోరాడిరి గాని 2016లో తీర్పు వారికి వ్యతిరేకముగా వచ్చినది.

ఆ నిబంధనలు అమలునకు వచ్చుటకు కొలది నెలల ముందు, 2013 ఆగస్టు 14వ తేదీ తెల్లవారుజామున, లూయీవిల్ నుండి బయలుదేరిన యు.పి.ఎస్. విమానమొకటి అలబామాలోని బర్మింగ్‌హామ్ విమానాశ్రయపు దాపున కొండవాలుపై కూలి, ఇరువురు పైలట్లును మరణించిరి. విమానము లేవకముందు వారిరువురును తమ వంటివారికి క్రొత్త విశ్రాంతి నిబంధనలు వర్తింపకపోవుటను గూర్చియే మాటలాడుకొనిన సంగతి కాక్‌పిట్ ధ్వనిముద్రణలో నిలిచియున్నది. విమానమును దింపిన తీరులోని లోపములే ప్రమాదమునకు కారణమని విచారణ తేల్చినది. దానికి తోడైన వానిలో అలసటను గూడ పేర్కొని, సహపైలట్ తనకు లభించిన విశ్రాంతి సమయమును నిద్రకు చక్కగా వినియోగించుకొనలేదని వ్రాసినది. అనగా నిబంధన యొక్కటియే నిద్ర తెచ్చిపెట్టదు. నిద్రకు తావిచ్చుట సంస్థ పని. ఆ తావున నిద్రించుట పైలట్ పని. రెంటిలో ఏది లోపించినను ఫలమొక్కటే.

అట్లయిన చేయదగినదేమి? పైలట్ ఇంటి నుండి స్థావరమునకు వచ్చు కాలమును చట్టము అతని సొంత వ్యవహారముగా నెంచుచున్నది. అది పని కాదు. నిజమునకు విశ్రాంతియు కాదు. ఎవరి పుస్తకములోను చేరని ఆ గంటలను అతడొక్కడే మోయుచున్నాడు. దూరమును నిషేధించుట తగదని శాస్త్రజ్ఞులే చెప్పిరి. నిషేధించినచో కుటుంబములు చెదరును, లేదా దొంగచాటు ప్రయాణములు పెరుగును. దానికంటె మేలైన మార్గములు కొన్ని యప్పుడే కొన్ని సంస్థల ఒప్పందములలో కనబడుచున్నవి. ముందునాడే వచ్చువానికి వసతి చూపుట యొకటి. ఇంటి చేరువ నుండియే టికెట్టిచ్చి ఆ ప్రయాణమును పని లెక్కలో వ్రాయుట ఇంకొకటి. నమ్ముకొనిన విమానము, దాని వెనుకటిది గూడ తప్పిపోయినప్పుడు దండనకు వెరచి పరుగెత్తి రానక్కరలేకుండ జేయుట వేరొకటి. అన్నిటికంటె ముఖ్యమైనది, “నేడు నేనలసితిని, ఎగురజాలను” అని చెప్పిన పైలట్‌ను అనుమానముతో గాక గౌరవముతో చూచుట. ఆ మాట పలుకుట సులభము కాదు. దానివలన ఒక విమానము నిలిచిపోవును, వేలకొలది కట్టలు ఆలస్యమగును, తోడివాడు నిద్ర నుండి లేచి రావలసివచ్చును. అయినను ఆ మాటకు విలువ లేనిచోట తక్కిన నిబంధనలకును విలువ యుండదు.

ఇందు వాడుకరులకును కొంత భాగము కలదు. రేపే కావలెనని మనము కోరుటచేతనే రాత్రి విమానములు నడచుచున్నవి. ఆ కోరికలో తప్పు లేదు. మందులు, రక్తపు నమూనాలు, యంత్రభాగములు ఒక్క రాత్రిలో చేరుటచే నిలిచిన ప్రాణములును, ఆగక నడచిన పనులును ఎన్నో కలవు. కాని పార్సెల్‌కు మనము చెల్లించు కూలిలో ఒక మనిషి నిద్ర వెల గూడ చేరియుండవలెను. అది చేరనప్పుడు ఆ వెలను పైలట్ తన శరీరముతో చెల్లించును. ఎప్పుడో యొక తెల్లవారుజామున అతనితోపాటు ఇతరులును చెల్లింపవలసి వచ్చును. కట్ట కదలిన ప్రతి గంటను వ్రాసి యుంచు శక్తి గల సంస్థలకు, దానిని మోయు మనిషి మేల్కొనియున్న గంటలను గూడ లెక్కించుట అసాధ్యమని మేము తలంపము.